డబ్బున్న దేశం మాట పొరుగు దేశాలు ఎందుకు వినవు? పిల్లలకు ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్ల. గ్రూప్స్‌కి చదివే పదిమందికి సాయంత్రాలు మా డాబా మీద పాఠాలు చెబుతాను. మొన్న, సార్క్‌లోని (దక్షిణాసియా దేశాల కూటమి) మిగతా దేశాల ఆర్థిక వ్యవస్థలన్నీ కలిపినా మనకు సరితూగవని బోర్డు మీద రాశాను. తీరం వైపు ఊరి అమ్మాయి ఒకతి రాయడం ఆపేసి, "మరి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన జాలర్లు 2020 జనవరి దాకా ఎందుకు రాలేదు సార్?" అంది. గుజరాత్ నుంచి వేటకెళ్లి దొరికిపోయిన మన జిల్లాలవాళ్ల గురించి. సుద్దముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అప్పటి నుంచీ అదే ఆలోచన. 2022లో శ్రీలంక అప్పు కట్టలేక చేతులెత్తేస్తే మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. అదే ఏడాది ఆగస్టులో మనం ఆందోళన చెప్పినా, చైనా నౌక శ్రీలంకలోని హంబన్‌టోట రేవులో ఆగింది. ఆ రేవు 2017లోనే 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీ చేతికి వెళ్లింది. నేపాల్ సంగతీ అంతే. 2015లో మనతో ఉన్న సరిహద్దులో సరుకు ఆగి గ్యాస్‌కు, పెట్రోలుకు అల్లాడిన దేశం, మరుసటి ఏడాదే చైనాతో రవాణా ఒప్పందం చేసుకుంది.

నాకు తోచింది ఇది: డబ్బు ఎంతుందన్నది కాదు, అవతలివాడికి మనతో ఎంత అవసరం, వేరే దారి ఉందా అన్నది ముఖ్యం. పాకిస్తాన్‌తో మనకు వ్యాపారమే అంతంతమాత్రం, 2019లో అదీ దాదాపు ఆగిపోయింది. ఇక పట్టు ఎక్కడిది?

ఇది సరైన దారేనా? అంతర్జాతీయ సంబంధాలు చదివినవాళ్లు దయచేసి చెప్పండి. భూటాన్ మన మాటకు దగ్గరగా ఉండటానికి మనం కొనే కరెంటే కారణమా, ఇంకేమైనా ఉందా? తెలుగులో చదవదగ్గ పుస్తకం ఉంటే పేరు రాయండి. సోమవారం ఆ అమ్మాయికి జవాబు చెప్పాలి.