ఆస్కార్ విజేతల అంచనా: ఏ అవార్డును ఎంతవరకు నమ్మాలి?

ప్రశ్న:
మా ఆఫీసులో ఏటా ఆస్కార్ వేడుకకు ముందు అందరం ఒక కాగితం మీద విజేతల పేర్లు రాసి ఇస్తాం. డబ్బులేమీ ఉండవు. గెలిచినవాళ్లు ఏడాది పొడుగునా మిగతావాళ్లను ఏడిపిస్తారు, అంతే. పోయినసారి 23 విభాగాల్లో నాకు 11 సరిపోయాయి. పక్క సీటాయన సగం సినిమాలు చూడనే లేదు, ఆయనకి 18! నేనేమో దొరికినవన్నీ కూర్చుని చూశాను. గోల్డెన్ గ్లోబ్స్ జాబితా కూడా పక్కన పెట్టుకునే రాశాను. అసలు తప్పెక్కడ జరుగుతోంది?

జవాబు:
సినిమాలు చూడటమే మీ కొంప ముంచినట్టుందండీ. చూసినప్పుడు ఏదో ఒకటి నచ్చుతుంది, చెయ్యి దాని పేరే రాస్తుంది. ఇక్కడ మన ఇష్టంతో పనిలేదు. ఆస్కార్లు ఇచ్చే సంస్థ అకాడమీ, అందులోని దాదాపు పదివేల మంది సభ్యులు దేనికి ఓటేస్తారన్నదే లెక్క.

గోల్డెన్ గ్లోబ్స్‌కి ఓటేసేది సినిమా పాత్రికేయులు. ఆస్కార్‌కి ఓటేసేది సినిమాలు తీసేవాళ్లు: నటులు, దర్శకులు, ఎడిటర్లు, కెమెరామెన్లు, సౌండ్ వాళ్లు. అందుకే వాళ్ల వాళ్ల గిల్డులు, అంటే వృత్తి సంఘాలు, ఇచ్చే అవార్డులు చూడాలి. అక్కడ ఓటేసిన వాళ్లలో కొందరు ఇక్కడా ఓటేస్తారు. గ్లోబ్స్ వల్ల ఒక సినిమాకి ఊపు రావచ్చు, అంతకుమించి దాన్ని నమ్ముకోవద్దు.

ముందుగా దర్శకుడి విభాగం, అన్నిటికంటే తేలిక. డైరెక్టర్స్ గిల్డ్ అవార్డు ఎవరికొస్తే వాళ్ల పేరు రాసేయండి. 1940ల చివర్లో ఆ అవార్డు మొదలైనప్పటి నుంచి అది ఆస్కార్‌తో కలవని ఏళ్లు పది కూడా లేవు. ఈమధ్య తప్పినవి రెండు గుర్తున్నాయి. 2013లో గిల్డ్ బెన్ ఆఫ్లెక్‌కి ఇస్తే ఆస్కార్ ఆంగ్ లీకి వెళ్లింది. ఆఫ్లెక్ ఆస్కార్‌కి నామినేట్ కూడా కాలేదు కాబట్టి అది తప్పక తప్పింది. 2020లో గిల్డ్ శామ్ మెండిస్ అంటే, అకాడమీ బాంగ్ జూన్ హో అంది.

అడిగినవారు:
థాంక్సండీ. మరి నటీనటుల సంగతి? నాకు ఎక్కువ పోయేది అక్కడే. స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అవార్డు చూసి రాస్తే సరిపోతుందా?

జవాబు:
కొన్నేళ్ల కిందట అడిగుంటే కళ్లు మూసుకుని అవును అనేవాణ్ని. 2023లో ఆ గిల్డ్ ఇచ్చిన నలుగురే (మిషెల్ యో, బ్రెండన్ ఫ్రేజర్, జేమీ లీ కర్టిస్, కీ హుయ్ క్వాన్) ఆస్కార్లూ పట్టుకెళ్లారు. అదే ఏడాది బ్రిటిష్ వాళ్ల బాఫ్టా నటనకిచ్చిన నాలుగు అవార్డుల్లో ఒక్కటీ ఆస్కార్‌తో కలవలేదు. ఆ తర్వాత కథ తిరగబడింది. 2024లో గిల్డ్ లిలీ గ్లాడ్‌స్టోన్‌కి ఇచ్చింది, బాఫ్టా ఎమ్మా స్టోన్‌కి ఇచ్చింది, ఆస్కార్ స్టోన్‌కే. 2025లో గిల్డ్ డెమీ మూర్‌కీ తిమోతీ షాలమేకీ ఇస్తే, బాఫ్టా మైకీ మాడిసన్‌కీ ఏడ్రియన్ బ్రోడీకీ ఇచ్చింది. ఆస్కార్లు కూడా ఈ ఇద్దరివే.

ఆ 2025 తేదీలు ఒకసారి చూడండి. ఆస్కార్ తుది ఓటింగ్ ఫిబ్రవరి 18న ముగిసింది. బాఫ్టా వేడుక 16న, గిల్డ్ వేడుక 23న. అంటే గిల్డ్ వేదిక మీద ఎవరెంత గొప్పగా మాట్లాడినా ఆస్కార్ ఓటు పెట్టెకి అప్పటికే తాళం పడిపోయింది. కాబట్టి ఓటింగ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ముందు రాసి పెట్టుకోండి. ఆ తర్వాత వచ్చే వార్తల్ని పట్టించుకోకండి.

గిల్డ్, బాఫ్టా రెండూ ఒకే పేరు చెబితే రెండో ఆలోచన వద్దు. చీలిపోతే నేనైతే ఇప్పుడు బాఫ్టా వైపే మొగ్గుతాను. 2016 తర్వాత అకాడమీ బయటి దేశాల వాళ్లను బాగా చేర్చుకుంది, ఆ ప్రభావం ఉందని నా అనుమానం. నాకీ బుద్ధి 2021లో వచ్చింది. గ్లోబ్, విమర్శకులిచ్చే క్రిటిక్స్ చాయిస్, గిల్డ్ మూడూ చాడ్విక్ బోస్‌మన్‌కే. బాఫ్టా ఒక్కటే ఆంథనీ హాప్‌కిన్స్ అంది. అది సొంత దేశపు అభిమానంలే అని కొట్టిపారేశాను. వేడుకలో ఉత్తమ నటుడి అవార్డును చివరికి జరిపేసరికి ఇంకేముంది, బోస్‌మన్‌కే అని ధీమాగా కూర్చున్నాను. కవరు తెరిస్తే హాప్‌కిన్స్. ఆయన హాల్లో కూడా లేడు.

అడిగినవారు:
ఉత్తమ చిత్రం ఓట్లు వేరేగా లెక్కపెడతారని విన్నాను. ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు.

ఇంకొకరి జవాబు:
ఇది నేను చెబుతాను. మిగతా విభాగాల్లో ఒకరికి ఒక ఓటు, ఎక్కువ వచ్చినవాళ్లు గెలుస్తారు. ఉత్తమ చిత్రానికి మాత్రం సభ్యులు సినిమాలకు 1, 2, 3 అని వరుస ఇస్తారు.

వందమంది ఓటర్లు, మూడు సినిమాలు అనుకోండి. ఎ సినిమాకి 40 మంది మొదటి స్థానం ఇచ్చారు, బి సినిమాకి 35, సి సినిమాకి 25. మామూలు లెక్కలో ఎ గెలిచేసినట్టే. ఇక్కడ ఎవరికీ సగం దాటలేదు కాబట్టి అడుగున ఉన్న సి బయటికి పోతుంది. ఆ 25 కాగితాల మీద రెండో పేరు చూస్తారు. ఇరవై మంది బి రాశారు, ఐదుగురు ఎ రాశారు. ఇప్పుడు ఎకి 45, బికి 55. గెలిచింది బి. అసలు లెక్కలో పది సినిమాలు, అందుకే ఇలా చాలా రౌండ్లు నడుస్తాయి.

అంటే కొందరు నెత్తిన పెట్టుకుని మిగతావాళ్లు విసుక్కునే సినిమా కంటే, ఎక్కువమంది రెండో స్థానమో మూడో స్థానమో ఇచ్చే సినిమాకే ఇక్కడ గెలుపు దగ్గర. 2017లో 14 నామినేషన్లున్న ‘లా లా ల్యాండ్’ దర్శకుడి అవార్డుతో సహా ఆరు గెలిచింది. ఉత్తమ చిత్రం మాత్రం ‘మూన్‌లైట్’. దర్శకుడు, చిత్రం ఒకే సినిమాకి రాయడం పాత అలవాటు, మానుకోండి. ప్రొడ్యూసర్స్ గిల్డ్ కూడా ఇదే పద్ధతిలో లెక్కపెడుతుంది కాబట్టి దాని మాటకి విలువ ఎక్కువ. 2016, 2017, 2020ల్లో అదీ తప్పిందనుకోండి.

సాంకేతిక విభాగాల్లో ఒక చిక్కుంది. కాస్ట్యూమ్ డిజైనర్ల గిల్డ్ నేటి కాలం, పాతకాలం, ఊహాలోకం అని సినిమాలకు మూడు అవార్డులు ఇస్తుంది. ఆస్కార్‌కి ఒక్కటే. నామినేషన్లు ఆ విభాగం వాళ్లే వేస్తారు, తుది ఓటు మాత్రం అన్ని విభాగాల సభ్యులదీ. కుట్టు సంగతి తెలియని సౌండ్ ఇంజనీరు కూడా కాస్ట్యూమ్స్‌కి ఓటేస్తాడు. ఆయన కంటికి ఆనేవి పాతకాలపు గౌన్లూ, వింతలోకాల వేషాలే. జీన్స్ ప్యాంటు ఎంత ఆలోచించి వేసినా ఆయన కంట పడదు.

పాటకి బాఫ్టాలో విభాగమే లేదు, అక్కడ వెతక్కండి. పాట వరకు గ్లోబ్స్‌ని కాస్త నమ్మొచ్చని నా అభిప్రాయం. 2023లో ‘నాటు నాటు’ జనవరిలో గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్ రెండూ గెలిచి, మార్చి 12న ఆస్కార్ తెచ్చింది. పోటీలో లేడీ గాగా, రిహానా ఉన్నారు. ‘తెలిసిన పేరుకే ఓటు’ అనే సూత్రం పెట్టుకున్నవాళ్లంతా ఆ రోజు నష్టపోయారు. నేను గెలిచాను, కానీ నిజం చెప్పాలంటే అది అంచనా కాదు, అభిమానం.

మొదటి జవాబు రాసినవారు:
రెండు విషయాలు మర్చిపోయాను. 2026 వేడుక నుంచి కాస్టింగ్‌కి కొత్తగా అవార్డు పెట్టారు, అంటే మీ కాగితంలో 24 గళ్లు ఉండాలి. ఒక విభాగంలో నామినేట్ అయినవన్నీ చూస్తేనే ఆ విభాగంలో తుది ఓటు వేయాలన్న నియమం కూడా అప్పటి నుంచే. షార్ట్ ఫిల్మ్‌ల దగ్గర ఓటర్లు తగ్గుతారు, ఓటేసేవాళ్లు అన్నీ చూసినవాళ్లే అవుతారు. ఆ మూడు గళ్లకి మాత్రం పేరు చూసి రాయకుండా మీరూ చూసి రాయండి. మీ పక్క సీటాయన్ని కొట్టే చోటు అదే.

అడిగినవారు:
షార్ట్ ఫిల్మ్‌లు చూస్తాను. ఆఖరి సందేహం: ఆస్కార్‌లోనే ఇద్దరికి సమానంగా ఓట్లు వస్తే మా కాగితాల్లో మార్కు ఎలా వేసుకోవాలి?

జవాబు:
1969లో కాథరిన్ హెప్‌బర్న్, బార్బ్రా స్ట్రైసాండ్ ఇద్దరికీ ఉత్తమ నటి ఇచ్చారు. 2013లో సౌండ్ ఎడిటింగ్‌లోనూ టై అయింది. మేమైతే ఇద్దరిలో ఎవరి పేరు రాసినా పూర్తి మార్కు వేస్తాం. ఈ సంగతి కాగితాలు ఇచ్చేముందే అందరికీ చెప్పేయండి, తర్వాత చెబితే పక్క సీటాయన ఒప్పుకోడు.