రెంబ్రాంట్ 'మూడు చెట్లు' ఎచింగ్‌లో ఆ వాలు గీతలు ఎందుకు?

కొర్లగుంట వాసి:
బొమ్మలంటే ఇష్టమే గానీ ఎక్కడా నేర్చుకోలేదు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1643లో చేసిన 'మూడు చెట్లు' ఎచింగ్‌ని (రాగి రేకు మీద గీసి కాగితం మీద తీసే అచ్చుబొమ్మ) అసలు సైజులోనే, అంటే జానెడు ఎత్తున, ప్రింట్ తీయించి గోడకు పెట్టుకున్నాను. నెలల తరబడి చూస్తున్నా, ఏదో లాగుతోంది గానీ ఏంటో చెప్పలేను. ఎడమ పైమూలలో స్కేలు పెట్టి కొట్టినట్టు వాలుగా ఉన్న గీతలు మాత్రం చూపుకి అడ్డొస్తున్నట్టు అనిపిస్తున్నాయి. అవి అవసరమా?

కపిలతీర్థం రోడ్డు:
అది వాన అన్నా. ఒకసారి ఆ మూలను చేత్తో మూసి చూడండి. బరువంతా చెట్ల మీద పడి బొమ్మ కుడికి ఒరిగిపోతుంది. చెట్లు నిలువు, మైదానం అడ్డం, వాన వాలు, ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని లాగుతుంటాయి, మిమ్మల్ని లాగేది అదే. చెట్ల వెనక చూడండి, గీతలు బాగా తగ్గిపోతాయి. ఆ వెలుగు ఒట్టి కాగితమే! కార్తీకంలో వాన వెలిసేటప్పుడు మన తిరుమల కొండ సగం నల్లగా, సగం తెల్లగా కనబడుతుంది చూడండి, నాకు అదే గుర్తొస్తుంది. ఎడమవైపు చేపలు పట్టే మనిషి కనబడే ఉంటాడు. కుడివైపు కింద పొద చీకట్లోకి చూశారా?

కాళహస్తి కలం:
నేను కలంకారీ పని చేస్తాను కాబట్టి గీత గురించి చెబుతాను. మేం వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్ళతో నొక్కుతూ గీస్తాం, నొక్కుడు కాస్త ఎక్కువైతే రంగు ఎక్కువ దిగి గీత లావెక్కుతుంది. ఎచింగ్‌లో చెయ్యి గీకేది రాగి రేకు మీది మైనం పూతను మాత్రమే. రేకును తినేది యాసిడ్, ఎంతసేపు ఉంచితే గీత అంత లోతు, అంత నలుపు. ఈ బొమ్మలో రెంబ్రాంట్ యాసిడ్‌తో ఆగలేదు, సూదితో నేరుగా రాగి మీద కూడా గీశాడు. అలా గీస్తే గీత పక్కన రాగి అంచు లేస్తుంది, సిరా దాన్ని పట్టుకుని ముఖమల్ లాంటి నలుపు వస్తుంది. షాపులో తీయించిన ప్రింట్‌లో ఆ మెత్తదనం సరిగా రాదు, అది నిజంగా లోటే. ఇంకో సంగతి, అచ్చులో కుడిఎడమలు తిరగబడతాయి, కాబట్టి రేకు మీద ఆయన చెట్లను గీసింది ఎడమవైపు.

కొర్లగుంట వాసి:
మూల మూసి చూశాను, నిజమే, బొమ్మ పడిపోయినట్టయింది. తర్వాత టార్చి వేసి పొదలోకి చూస్తే లోపల ఒక జంట ఉంది! ఇన్నాళ్ళూ అది ఒట్టి నలుపే అనుకున్నాను.