మ్యూటినీకి ‘పితూరీ’ అనొచ్చా?

ప్రశ్న: బ్రిటిష్ నౌకాధికారి విలియం బ్లై జీవితం మీద ఒక వ్యాసం దిద్దుతున్నాను. 1789 ఏప్రిల్ 28న ఆయన నడిపిన బౌంటీ ఓడలో ఆయన్ని దింపేసినదానికీ, ఆయన ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు గవర్నరుగా ఉండగా 1808 జనవరి 26న సిడ్నీలో సైనికులు ఆయన్ని నిర్బంధించినదానికీ రచయిత ‘తిరుగుబాటు’ అనే రాశారు. ఇంగ్లిష్‌లో ఒకటి మ్యూటినీ, ఇంకోటి రెబెలియన్. తేడా తెలిసేలా మొదటిదాన్ని ‘పితూరీ’ అనొచ్చా?

జవాబు: వద్దండీ. పితూరీ అనగానే 1879 నాటి రంప పితూరీ గుర్తొస్తుంది. అది మన్యం జనం సర్కారు మీద లేచిన లేవడం. పైగా ఇవాళ పితూరీలంటే చాడీలే. ‘ఓడలో పితూరీ’ అని చదివినవాళ్లు ఎవరో బ్లై మీద పైవాళ్లకు ఫిర్యాదు చేశారనుకుంటారు.

అసలు ఆ రెండు ఘటనలకీ చట్టం దృష్టిలో తేడా లేదు. సిడ్నీ ఘటనకు ‘రమ్ రెబెలియన్’ అన్నది తర్వాతివాళ్లు తగిలించిన పేరు. సారాను డబ్బుకు బదులు చెలామణీ చేయడాన్ని బ్లై 1807లో నిషేధించిన మాట నిజమే, గొడవ మాత్రం అదొక్కటే కాదు. గవర్నర్ని నిర్బంధించిన మేజర్ జాన్‌స్టన్ మీద 1811లో ఇంగ్లండు సైనిక న్యాయస్థానంలో మోపిన నేరం మ్యూటినీయే. కొలువు ఊడింది. వెనక నుంచి నడిపించిన మెకార్థర్ అప్పటికే సైన్యం వదిలేశాడు కాబట్టి ఆయన మీద ఆ నేరం మోపడం కుదరలేదు. మ్యూటినీ అన్న మాట సైన్యానికి, నౌకాదళానికి లోబడి పనిచేసేవాడికే వర్తిస్తుంది మరి. మనకు ‘సిపాయిల తిరుగుబాటు’ ఎలాగూ ఉంది. 1780లో ఓడెక్కి మద్రాసు పొమ్మంటే విశాఖపట్నంలో సిపాయిలు ఎదురు తిరిగినదాన్నీ అలాగే అంటాం. ఆ లెక్కన ‘నావికుల తిరుగుబాటు’, ‘సైనికుల తిరుగుబాటు’ అంటే సరి.

ఇంకో జవాబు: రెండోదానికి సరే మాస్టారూ. మొదటిదానికి ‘నావికుల’ అంటే తప్పు అర్థం వస్తుంది. ముందు నిలబడిన ఫ్లెచర్ క్రిస్టియన్ మామూలు నావికుడు కాదు, బ్లై స్వయంగా తాత్కాలిక లెఫ్టినెంటుగా పైకి తెచ్చిన మనిషి. ఓడ నుంచి గెంటేసినప్పుడు బ్లైతో పాటు 18 మంది 23 అడుగుల పడవలోకి దిగారు. దిగుదామన్నా చోటు లేక ఓడలో ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. 1792లో పదిమందిని విచారించినప్పుడు వాదనంతా దీని మీదే: ఉండిపోయాడా, కలిశాడా? నలుగుర్ని నిర్దోషులన్నారు, ముగ్గుర్ని ఉరి తీశారు. అందరినీ ఒకే ముద్దలో కలపకుండా ‘బౌంటీ తిరుగుబాటు’ అని ఓడ పేరుతో పిలవడం మేలు.

ఎలాగూ దిద్దుతున్నారు కాబట్టి మరికొన్ని. ఆయన పేరు బ్లై, మన పేపర్లలో కనిపించే ‘బ్లిగ్’ కాదు. బౌంటీ ఓడ కోసం పసిఫిక్ దీవి తాహితీలో సేకరించిన మొక్కలకు ‘రొట్టెపండు చెట్లు’ అని కొత్తగా పుట్టించక్కర్లేదు, సీమపనస ఉండనే ఉంది. అక్కడ అయిదు నెలలు ఎందుకు ఆగారో కూడా ఒక వాక్యం పెట్టించండి: ఆ రకానికి గింజ ఉండదు, వేరు పిలకలు తీసి కుండీల్లో నాటి, అవి నిలదొక్కుకున్నాకే ఓడెక్కించాలి. 1,015 మొక్కలు అలా ఎక్కించారు.

పడవలో ‘రొట్టె ముక్కలు పంచుకున్నారు’ అని ఉంటే మార్చండి. బ్లై బ్రెడ్ అన్నది ఓడల్లో వాడే గట్టి బిస్కెట్టుని. కొబ్బరి చిప్పలతో త్రాసు కట్టి, పిస్తోలు గుండు తూకం రాయిగా పెట్టి పంచాడు. పౌనుకు 25 గుళ్లు, అంటే మనిషికి పూటకు 18 గ్రాములు. ఆ పడవ ప్రయాణపు దూరం 3,618 మైళ్లు అని రాసి కిలోమీటర్లు 5,800 అని వేస్తుంటారు. అవి సముద్రపు మైళ్లండీ, 1.852తో గుణిస్తే 6,700 వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: 5,800 అనే ఉంది! మారుస్తున్నాను. శీర్షికలో ‘బౌంటీ తిరుగుబాటు’, సిడ్నీ అధ్యాయానికి ‘సైనికుల తిరుగుబాటు’.