అభ్యర్థి అంటే అడిగేవాడు

మొన్న మన గ్రూపులో ఒక అన్న అడిగిండు కదా, "అభ్యర్థి అన్న మాట పేపర్లల్ల తప్ప మన ఊళ్లల్ల ఎవరన్నా అంటరా?" అని. పనిలో ఉండి "అనరు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. నిన్న మా ఊరికి ఒకాయన వచ్చి పోయిన కాడి నుంచి ఆ మాటే మనసులో తిరుగుతోంది, అందుకే ఇప్పుడు కొంచెం పెద్దగా రాస్తున్నా.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. అసెంబ్లీ ఓట్లు 2023 నవంబరులో అయిపోయాయి, మామూలుగా అయితే మళ్లీ 2028లోనే. అయినా ఆయన ఇప్పటి నుంచే ఊరూరు తిరుగుతున్నాడు. జెండా లేదు, డప్పులు లేవు, ఒక్క బండి మీద ఇద్దరు వచ్చారు. ఎవరే ఆయన అంటే మా పక్కింటి చిన్నమ్మ "ఎమ్మెల్యేకు నిలబడతడట" అంది. ఇదీ మన నోట్లో ఉన్న మాట, నిలబడుడు. చదువుకున్న పిల్లలు క్యాండిడేట్ అంటారు. అభ్యర్థి మాత్రం ఎవరూ అనలేదు.

రచ్చబండ మీద ఒక ముసలవ్వ కూర్చొని ఉంది. మా దిక్కు ఆ వయసువాళ్లు చాలామందికి ఉన్నట్టే ఆమెకూ ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు వంగిపోయాయి, లేవాలంటే రెండు చేతులూ నేలకు ఆనించి పైకి రావాలి. ఆయన "శనార్తి అవ్వా" అని ఆమె ముందు కింద కూర్చున్నాడు. నల్లా నీళ్లు వస్తున్నాయా అని అడిగితే "వస్తున్నయి బిడ్డా, అవి వచ్చేటాల్లకు మోకాళ్లు పోయినయి" అంది. చర్లగూడెం రిజర్వాయర్ కింద భూములు పోయినోళ్లకు పైసలు పూర్తిగా ముట్టినాకనే నీళ్లు నింపాలని, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల కాడ తరుగు పేరు మీద వడ్లు కోసుడు బంద్ కావాలని, ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పూర్తి కావాలి గానీ 2025 ఫిబ్రవరిలో లాగా పైకప్పు కూలి కూలోళ్లు లోపల చిక్కుకునే తీరుగా కాదని, ఇట్లా ఒక్కొక్కటి చెప్పుకుంటూ వచ్చాడు. అవ్వ అంతా విని "అయితే నువ్వేమిస్తవు?" అంది. "ఇచ్చెటోణ్ని కాదు అవ్వా, అడుగుదామని వచ్చిన" అన్నాడు.

ఆయనకు సంస్కృతం వచ్చో రాకో గానీ, అభ్యర్థి అన్న మాటకు అర్థం సరిగ్గా అదే. అర్థి అంటే కోరేవాడు, అడిగేవాడు. దానికి ముందు అభి చేరితే అభ్యర్థి. చదువు కోరేవాడు విద్యార్థి అయినట్టే. పాత న్యాయసభల్లో అర్థి అంటే ఫిర్యాదు తెచ్చినవాడు, దానికి ఎదురు జవాబు చెప్పేవాడు ప్రత్యర్థి. మన శనార్తి కూడా శరణార్థి నుంచి వచ్చిందే అంటారు. అంటే అవ్వకు ఆయన పెట్టిన దండంలోనే అర్థి ఉన్నాడు! బలి చక్రవర్తి కథలో ఇచ్చేవాడి చెయ్యి పైన, అడిగేవాడి చెయ్యి కింద. ఓటు ఇచ్చేది మనం, కాబట్టి మన చెయ్యే పైన ఉండాలి. నడుస్తున్నది తలకిందులుగా ఉంది, నిలబడ్డవాడు ఇచ్చేవాడయ్యాడు, మనం చెయ్యి చాపి నిలబడుతున్నాం. నాకు బాధ కలిగేది ఇక్కడే.

గ్రూపులో ఆ అన్న ప్రశ్న కిందనే ఒక అక్క "అర్జీ కూడా అర్థి నుంచే వచ్చిందా?" అని అడిగింది. కాదక్కా. అర్జీ అరబ్బీ మాట, ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది. దరఖాస్తు ఫారసీ. వినడానికి అర్థి, అర్జీ దగ్గరగా ఉన్నాయి గానీ చుట్టరికం లేదు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కాయితం పట్టుకొని లైన్లో నిలబడ్డప్పుడు మాత్రం రెండూ ఒక్కటే అనిపిస్తాయి.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నల్లగొండలో 480 మంది నిలబడ్డారు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపు అది, నీళ్ల గోస ఢిల్లీకి తెలవాలని. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యింది, పోలింగే వెనక్కి జరపాల్సి వచ్చింది. 477 మందికి ధరావతు (డిపాజిట్) దక్కలేదు. వాళ్లు గెలుద్దామని నిలబడలేదు, నీళ్లు అడగడానికి నిలబడ్డారు. అభ్యర్థి అన్న మాటను అంత నిండుగా బతికించినవాళ్లు ఇంకెవరూ లేరని నా నమ్మకం. ఊళ్లో ఎవరూ అనని మాట అని నేను ఒక్క ముక్కలో తీసేసింది ఆ మాటనే, అన్న ఏమనుకోవద్దు.

పాలమూరు దిక్కు ఓట్లకు నిలబడ్డవాళ్లను ఏమంటారు? నారాయణపేట, గద్వాల వాళ్లు ఉంటే మీ అవ్వలను అడిగి, వాళ్లు అన్న మాట అన్నట్టే రాయండి.