బొమ్మ, ప్రయోగం, రాత: మూడూ ఒకే ప్రాజెక్టులో కుదురుతాయా?

పండుటాకు:
అందరికీ నమస్కారం. నేను పదకొండో తరగతి. ఈ ఏడాది ఎవరికి నచ్చిన అంశం మీద వాళ్ళు సొంతంగా ఒక ప్రాజెక్టు చేసుకోవచ్చన్నారు. నాకు బొమ్మలు వేయడం ఇష్టం, కథలు రాస్తాను, బయాలజీ అంటే ప్రాణం. రాలిన ఆకు మట్టిలో కలిసేదాకా ఏమవుతుందో ఆకే చెబుతున్నట్టు కథ రాసి, బొమ్మలు వేసి, వెనక సైన్స్ వివరాలు పెడదామనుకుంటున్నాను. మా సార్ మాత్రం "ఏదో ఒకటి ఎంచుకో, మూడు పడవల మీద కాళ్ళు పెట్టకు" అంటున్నారు. గడువు నాలుగు నెలలు. ఇలాంటివి చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు ఉంటే చెప్పండి.

బయాలజీ మేడమ్:
మీ సార్ భయం నాకు అర్థమవుతోంది. ప్రాజెక్టులు దిద్దేటప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే: ముందు రిపోర్టు, మధ్యలో రంగుల బొమ్మ, చివర్న ఒక కవిత. దేనికదే బాగుంటుంది, ఒకదానితో ఒకదానికి పని ఉండదు. నువ్వు "వెనక సైన్స్ వివరాలు" అన్నావు చూడు, నా అనుమానం అక్కడే.

మరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి గురించి చదువు. 1699లో, యాభై దాటిన వయసులో, కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళి పురుగుల్ని పెంచుతూ చూసింది. 1705లో వచ్చిన ఆమె పుస్తకంలో గొంగళిపురుగు, ప్యూపా, రెక్కలొచ్చిన పురుగు, అది తినే మొక్క ఒకే బొమ్మలో కలిసి కనిపిస్తాయి. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని చాలామంది ఇంకా నమ్ముతున్న రోజులవి. ఆ బొమ్మే ఆమె వాదన. నీ ప్రతి బొమ్మనీ ఇలా అడుగు: ఇది తీసేస్తే చదివేవాళ్ళకి తెలియకుండా పోయేదేమిటి?

ఇంతకీ నీ ప్రశ్న ఏమిటి? "ఆకు ఏమవుతుంది" అనేది అంశమే, ప్రశ్న కాదు.

పండుటాకు:
థాంక్యూ మేడమ్. ప్రశ్నంటే... చెట్టు కింద పాత ఆకుల్ని చూస్తే మధ్యలో అంతా పోయి ఉత్త ఈనెలే మిగిలి ఉంటాయి కదా. అవెందుకు చివరిదాకా ఉంటాయి?

బయాలజీ మేడమ్:
ఇదీ ప్రశ్నంటే. ఈనెల్లో నీటిని మోసే గొట్టాల గోడలకి లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టగలిగే జీవులు తక్కువ, ముఖ్యంగా కొన్ని శిలీంధ్రాలు. మెత్తటి భాగమైతే అందరికీ ఆహారమే.

పరిశోధకులు చేసే ప్రయోగాన్నే చిన్నగా చెయ్యి. ఎండబెట్టి తూచిన ఆకుల్ని వల సంచుల్లో పెట్టి మట్టి పైపొర కింద ఉంచు. సగం సంచులు సన్న రంధ్రాలవి, సగం పెద్ద రంధ్రాలవి. సన్న వాటిలోకి వానపాములూ రోకలిబండలూ దూరలేవు, బూజులూ బాక్టీరియా దూరతాయి. రెండింటి తేడా చూస్తే ఆకుని ఎవరు ఎంత తిన్నారో ఒక అంచనా వస్తుంది. కొన్ని వారాలకోసారి కొన్ని సంచులు తీసి, మట్టి దులిపి, పూర్తిగా ఎండబెట్టాకే తూకం వెయ్యి. తడి ఉంటే లెక్క తప్పుతుంది. తీసినవి మళ్ళీ పాతిపెట్టకు. తీసే ప్రతిసారీ ఒక్కో రకానికి మూడు నాలుగైనా ఉండేలా మొదట్లోనే లెక్క వేసుకో.

నీలిసిరా:
ఈనెలు అనగానే నాకు సయనోటైప్, అంటే ఎండతో నీలం ముద్రలు తీసే పద్ధతి, గుర్తొచ్చింది. అన్నా అట్కిన్స్ అనే ఇంగ్లండ్ వృక్షశాస్త్రజ్ఞురాలు 1843లో సముద్రపు నాచుల మీద పుస్తకం తేవడం మొదలుపెట్టింది. ఫొటోగ్రఫీ ముద్రలతో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్నే చెబుతారు. నాచుని కాగితం మీద పరిచి ఎండలో పెట్టి తీసిన ముద్రలవి. పేర్లూ మాటలూ కూడా చేత్తో రాసి అదే నీలంలో ముద్రించింది! మీ సార్‌కి చూపించండి, మూడు పడవలూ ఒక్కటే అయిన సందర్భం.

పద్ధతి చెబుతాను. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు సమానంగా కలిపి, మసక వెలుతురులో కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాలి. పైన ఆకు, ఆకు మీద గాజుపలక పెట్టి ఎండలోకి. పసుపుపచ్చగా ఉన్న పూత బూడిదరంగుకి తిరిగాక నీళ్ళలో కడిగితే ఎండ తగిలినచోట నీలం, నీడపడ్డచోట తెలుపు. అతినీలలోహిత కిరణాలు ఇనుమును ఫెర్రిక్ నుంచి ఫెర్రస్‌కి మారుస్తాయి, దాంతో ప్రష్యన్ బ్లూ అనే నీలం రంగు తయారవుతుంది. చేతికి తొడుగులు వేసుకోండి, ఫెర్రిసయనైడ్‌ని ఆసిడ్ల దగ్గరికి రానివ్వకండి, టీచర్ పక్కన ఉండగానే చేయండి.

మీకు పనికొచ్చే విషయం ఇది: మొదట్లో ఆకు ముద్ర దాదాపు మొత్తం తెల్లగా వస్తుంది. కుళ్ళినకొద్దీ వెలుతురు లోపలికి దూరి నీలం పెరుగుతుంది, చివరికి ఈనెలు మాత్రమే తెల్లగా మిగులుతాయి. స్కాన్ చేసి తెలుపు శాతం లెక్కపెట్టుకోవచ్చు. ఎండ రోజూ ఒకేలా ఉండదు కాబట్టి ప్రతి కాగితం అంచున ఒక అట్టముక్క కూడా పెట్టండి, పోల్చుకోవడానికి.

గీతలమారి:
ఫొటో తీసుకో, కానీ గీశాక తీసుకో. ఫొటో చేతిలో ఉంటే కన్ను బద్ధకిస్తుంది. థామస్ హారియట్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1609లో గెలీలియో కంటే కొన్ని నెలల ముందే దూరదర్శినితో చంద్రుణ్ణి చూసి బొమ్మ గీశాడు. వెలుగుకీ చీకటికీ మధ్య గీత వంకరటింకరగానే వేశాడు, కొండల ఊసు మాత్రం లేదు. గెలీలియోకి నీడలు వేయడం తెలుసు కాబట్టే చంద్రుడి మీది మచ్చల్లో ఎత్తుపల్లాలు కనిపించాయని కొందరు చరిత్రకారులు అంటారు.

నీ ఆకు దగ్గరికొస్తే, తొడిమ తెగిన చోటుని భూతద్దంతో చూడు. చిన్న మచ్చ, అందులో ముదురు చుక్కలు కనిపిస్తాయి. అవి గొట్టాల కట్టలు తెగిన చివరలు. ముందు వాటిని గీసి, అక్కణ్ణుంచి ఈనెల వెంట లోపలికి వెళ్ళు. వేలితో రుద్ది నీడ వేయకు, చుక్కలతో వెయ్యి. స్కేలు గీత తప్పనిసరి. పేర్లు రాసే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు.

సందేహాల పుట్ట:
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. 1868లో ఎర్నెస్ట్ హెకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త కుక్క, కోడి, తాబేలు పిండాలంటూ మూడు బొమ్మలు పక్కపక్కనే వేశాడు. మూడూ ఒకే అచ్చుదిమ్మతో ముద్రించినవే! తోటి శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. గీసే చెయ్యి బాగున్నకొద్దీ నమ్మించడం తేలిక. నన్నడిగితే కొలతలు ఒక పుస్తకంలో, కళ వేరే పుస్తకంలో ఉండాలి.

గీతలమారి:
హెకెల్ సంగతి నిజమే. కానీ దానికి మందు వేరు పుస్తకాలు కాదు. ప్రతి బొమ్మ కింద "చూసి గీసింది", "ఊహించి గీసింది" అని రాస్తే చాలు. చిరిగిన అంచుని నున్నగా గీయాలనిపిస్తుంది, అక్కడే జాగ్రత్త.

రాతకోతలు:
రాత సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆకుతో మాట్లాడించొద్దని నేను అనను. కానీ "చెట్టు నన్ను వదిలేసింది, నాకు ఏడుపొచ్చింది" అని మొదలుపెడితే పది లైన్లకే విసుగొస్తుంది, సైన్స్ కూడా తప్పుతుంది. రాల్చే ముందు చెట్టు పత్రహరితాన్ని విడగొట్టి, ఆకులోని నత్రజనిలో చాలా భాగం వెనక్కి లాక్కుంటుంది. తొడిమ మొదట్లో తెగే పొర ఏర్పడుతుంది. పసుపు కొత్తగా వచ్చింది కాదు, కెరోటినాయిడ్లనే పసుపు రంగు పదార్థాలు ముందునుంచీ ఉన్నవే, పచ్చదనం పోయాక బయటపడ్డాయి.

ఇది తెలిశాక ఇలా రాయొచ్చు: "నా దగ్గర పనికొచ్చేవన్నీ తీసుకున్నాకే చెట్టు తలుపేసింది. ఈ పసుపు నాకు ఎప్పట్నుంచో ఉంది, ఎవరూ చూడలేదంతే." ఎంత కఠినంగా ఉందో చూడు, అబద్ధం మాత్రం లేదు. నోటుబుక్కులో ఎడమ పేజీలో చూసిందీ కొలిచిందీ, కుడి పేజీలో తోచింది రాసుకో. కథ కుడి పేజీలోంచి పుడుతుంది, ఎడమ పేజీ దాన్ని అదుపులో పెడుతుంది.

ఒక అమ్మ:
మా అమ్మాయి చేసిన ఇలాంటి ప్రాజెక్టు చూసిన అనుభవంతో ఒక్క మాట. తుది పుస్తకం కంటే ఆ నోటుబుక్కే పరీక్షకులు ఎక్కువసేపు తిరగేశారు. కొట్టివేతలతో సహా అలాగే ఉంచు బాబూ. ఇంకోటి, ఆకులు ఒకే చెట్టువి తీసుకో, నాలుగు రకాలు పెట్టుకుంటే నాలుగు నెలలు చాలవు.

పండుటాకు:
అందరికీ చాలా థాంక్స్. ప్లాన్ మార్చాను. ఒకే చెట్టు, ఒకే ప్రశ్న: ఈనెలు ఎందుకు మిగులుతాయి. సంచుల తూకాలు, ప్రతి విడతకీ ఒక సయనోటైప్, తొడిమ దగ్గర్నుంచి మొదలయ్యే బొమ్మలు. ఆకు మాట్లాడుతుంది గానీ ఆ వారం ఎడమ పేజీలో ఉన్నదే మాట్లాడుతుంది. సార్‌కి రేపు చూపిస్తాను, టెన్షన్‌గానే ఉంది. ఒక్క డౌట్: సంచులు దేనితో కుట్టాలి?

బయాలజీ మేడమ్:
సన్నదానికి నైలాన్ దోమతెర బట్ట. కాటన్ వద్దు, అదీ కుళ్ళిపోతుంది. పెద్దదానికి తోటల్లో వాడే ప్లాస్టిక్ వల తీసుకో, కానీ పైవైపు మాత్రమే కుట్టు, అడుగున సన్న వలే ఉండనీ. లేకపోతే ఆకు ముక్కలు కిందికి రాలిపోయి, పురుగులు తిన్నట్టు లెక్కలోకి వస్తాయి. నంబర్లు పెన్సిల్‌తో ప్లాస్టిక్ ముక్క మీద రాసి లోపల వెయ్యి, పెన్ను సిరా మట్టిలో నిలవదు.