12 ఏళ్ల డస్టర్, 62,000 కిలోమీటర్లు: టైమింగ్ బెల్టు ఇప్పుడే మార్చాలా?

ఏలూరు కాలువగట్టు:
నాన్నగారు 2013లో కొన్న రెనో డస్టర్ డీజిల్ మా ఇంట్లో ఉంది. 1.5 లీటర్ ఇంజిన్. ఆయన పోయాక బండి ఎక్కువగా షెడ్డులోనే ఉంటోంది. రీడింగ్ 62,000. ఇంజిన్‌లో గాలి, పొగ దారులు తెరిచే వాల్వులను పిస్టన్ల లయకు నడిపే పళ్ల రబ్బరు పట్టీని, అంటే టైమింగ్ బెల్టును, ఒక్కసారీ మార్చలేదు. ఒక మెకానిక్ పై కవరు తీసి చూసి, పగుళ్లు లేవు, ఇంకో 30,000 తిరగవచ్చు అన్నారు. ఇంకొకరు చూడనైనా చూడకుండా బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్, వాటర్ పంపు అన్నీ మార్చాలని 17,000 రూపాయలు చెప్పారు. రిజిస్ట్రేషన్ గడువు 2028 వరకే. ఈ నెలలో అమ్మను తీసుకుని శ్రీశైలం వెళ్లాలి. ఎవరి మాట వినాలి?

నల్లరేగడి:
మొదటి ఆయన మాట వినండి. నా డీజిల్ బండి అదే బెల్టుతో తొమ్మిదేళ్లలో 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. మార్చినప్పుడు పాతది చేతిలో పట్టుకుని చూశాను, పళ్లు ఒక్కటీ అరగలేదు. మీ బండి అందులో సగం పైచిలుకు తిరిగింది, అంతే. మూడేళ్లలో గడువు తీరే బండికి 17,000 ఎందుకు? ఆ డబ్బుతో ముందు టైర్లు మార్చండి. 12 ఏళ్ల టైర్లతో ఘాట్ రోడ్డు ఎక్కడమే అసలు ప్రమాదం.

స్పానరు పట్టిన చేయి:
టైర్ల గురించి నల్లరేగడి గారు చెప్పింది అక్షరాలా నిజం. బెల్టు విషయంలో మాత్రం ఒప్పుకోలేను. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను.

బెల్టుకు రెండు వయసులు ఉంటాయి. ఒకటి కిలోమీటర్లలో, రెండోది సంవత్సరాలలో. ఏది ముందు నిండితే అప్పుడే మార్చాలి. ఆగి ఉన్న బండిలో బెల్టు విశ్రాంతి తీసుకుంటుందనుకోవడం పొరపాటు. టెన్షనర్ దాన్ని రాత్రింబవళ్లు బిగించే ఉంచుతుంది, అదీ పుల్లీ చుట్టూ ఒకే చోట వంచి. ఎండాకాలంలో మన షెడ్డుల్లోని వేడి, ఎప్పుడో తీసినప్పుడు ఇంజిన్ వేడి, మళ్లీ చల్లారడం, ఇవన్నీ రబ్బరును గట్టిపరుస్తాయి.

ఇక పగుళ్ల సంగతి. వెనకటి నియోప్రీన్ బెల్టులు చెడే ముందు వీపు మీద పగుళ్లు చూపించేవి. ఇప్పటి బెల్టుల్లో వాడే రబ్బరు వేరు, అది చాలాసార్లు చివరిదాకా నున్నగానే కనిపిస్తుంది. లోపలి గాజు నారలు బలహీనపడినా, పంటి మొదలు చీలినా పై నుంచి తెలియదు. కాబట్టి పగుళ్లు ఉంటే వెంటనే మార్చాలి. లేవంటే బాగుందని మాత్రం అర్థం కాదు.

తెగితే ఏమవుతుందో కూడా తెలియాలి. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ 1,000 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు నిమిషానికి వెయ్యిసార్లు తెరుచుకుంటుంది. డీజిల్ ఇంజిన్ గాలిని పదిహేను రెట్లకు పైగా నొక్కుతుంది గనుక పైకి వచ్చిన పిస్టన్‌కూ తెరిచిన వాల్వుకూ మధ్య చోటే ఉండదు. బెల్టు తెగిన క్షణాన కామ్ ఆగుతుంది, పిస్టన్ మాత్రం ఆగదు. వాల్వులు వంగుతాయి, ఇంజిన్ పై భాగమైన హెడ్డు దించాలి, అదృష్టం బాగాలేకపోతే పిస్టన్లూ పోతాయి. అప్పుడు 17,000కు నాలుగైదు రెట్లు పెట్టాలో, బండిని తుక్కుకు అమ్మాలో తేల్చుకోవలసి వస్తుంది. అదీ నల్లమల ఘాటులో, అమ్మగారు పక్కన ఉండగా.

నల్లరేగడి:
వంగిన వాల్వుల సంగతి నాకూ తెలుసు. కానీ మీరు చెప్పని ప్రమాదం ఇంకొకటి ఉంది: విప్పడం. మా బావగారి పాత బండికి ఇలాగే ముందుజాగ్రత్తగా బెల్టు మార్పించారు. బిగించినవాడు ఒక పన్ను అటూ ఇటూ వేశాడు. నల్లపొగ, లాగుడు లేదు, రెండు నెలలు తిరిగి తిరిగి చివరికి ఇంకో షెడ్డులో మళ్లీ విప్పించారు. చక్కగా నడుస్తున్న బెల్టును చేతకాని చేతికి అప్పగించడం కన్నా కదపకపోవడం నయం కాదా? చిన్న ఊళ్లలో ఈ పని సరిగా తెలిసినవాళ్లు ఎంతమంది?

కొత్తగూడెం కొండదారి:
నా అనుభవం ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు గురించి. ఇదే ఇంజిన్, పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. పంపు కారడం లేదు కదా అని బెల్టు ఒక్కటే మార్పించాను. ఏడాదిన్నరకు పంపు కారి కూలెంట్ కొత్త బెల్టు మీద పడింది. కూలీ మళ్లీ మొత్తం కట్టాను, బెల్టు కూడా మళ్లీ కొన్నాను. మిగిల్చాననుకున్న దానికి రెట్టింపు పోయింది.

స్పానరు పట్టిన చేయి:
నల్లరేగడి గారూ, మీ భయం న్యాయమైనది. అందుకే మార్చాలా అన్నదానికంటే ఎవరి చేత మార్పించాలి అన్నది పెద్ద ప్రశ్న. కాలువగట్టు గారూ, షెడ్డుకు వెళ్లి మొదట ఒక్క మాట అడగండి: కామ్‌ను, పిస్టన్లు తిప్పే క్రాంక్‌ను కదలకుండా నిలిపే పిన్నులు మీ దగ్గర ఉన్నాయా? వైట్‌నర్‌తో గుర్తులు పెట్టి చేసేస్తామంటే నమస్కారం చెప్పి వచ్చేయండి. ఈ ఇంజిన్‌లో అధిక పీడన డీజిల్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరుగుతుంది, అంచనాతో చేసే పని కాదు. క్రాంక్ పుల్లీ బోల్టు కొత్తది వేయాలి, పాతది మళ్లీ బిగించకూడదు. అంతా అయ్యాక తాళం తిప్పేముందు స్పానరుతో ఇంజిన్‌ను రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా దిగుతున్నాయో మీ కళ్లెదుట చూపించమనండి.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. బయట, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు కూడా మార్చండి. అది పీలికలై ఒక పోగు పుల్లీ వెనక నుంచి లోపలికి దూరితే, నిన్న వేసిన టైమింగ్ బెల్టు కూడా పళ్లు తప్పుతుంది. ఖర్చు తక్కువని దాన్ని ఎవరూ పట్టించుకోరు.

గుంటూరు గడప:
ఊళ్లో పాల ప్యాకెట్టుకూ గుడికీ తిరిగే బండికి కూడా ఇదంతా కావాలా?

స్పానరు పట్టిన చేయి:
కావాలి. స్టార్టు చేసే క్షణంలో కూడా బెల్టు తెగవచ్చు. గుడి ముందు తెగినా వాల్వులు వంగేది అంతే.

ఏలూరు కాలువగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మూడు షెడ్లు తిరిగితే విజయవాడలో ఒకరి దగ్గర పిన్నులు దొరికాయి. నిన్న పని పూర్తయింది, నేను పక్కనే నిలబడి చూశాను. పాత బెల్టు మీద మొదటి మెకానిక్ అన్నట్టే ఒక్క పగులు లేదు. కానీ వంచి చూస్తే కొత్తదాని పక్కన అట్టముక్కలా బిరుసుగా ఉంది. టెన్షనర్ చక్రాన్ని వేలితో తిప్పితే గరగరమంది, లోపల గ్రీజు ఎండిపోయింది. అదే ముందుగా పట్టేసి ఉండేదని మెకానిక్ అన్నారు.

నల్లరేగడి:
అయితే బెల్టు బాగానే ఉంది, చెడింది బేరింగు. నా మాట పూర్తిగా తప్పు కాలేదు. అయినా బేరింగు పట్టేస్తే బెల్టు మిగలదు గనుక మార్పించడమే మంచిదైంది, ఒప్పుకుంటాను. టైర్లు?

ఏలూరు కాలువగట్టు:
నాలుగూ రేపు మారుస్తున్నారు, ప్రయాణం వచ్చే వారానికి జరిపాను. ఒక చిన్న సందేహం. మెకానిక్ తేదీ, రీడింగ్ రాసి కవరు మీద కాగితం అంటించారు. తరువాతి మార్పు ఎప్పుడో రాయడానికి గడి ఖాళీగా ఉంది. ఏమి రాయించను?

స్పానరు పట్టిన చేయి:
మీ తిరుగుడుకు కిలోమీటర్లు రాయవద్దు. ఐదేళ్ల తరువాతి తేదీ రాయించండి.

నల్లరేగడి:
నా బండి మీద మాత్రం కిలోమీటర్లే రాసి ఉంటాయి. నేను రోజూ తిరుగుతాను.