జనవరిలో మూడొందల కార్లు, జులైలో ఇరవై రెండే: మిడ్జెట్ రేసింగ్ నిలబడుతుందా?

మట్టిట్రాక్ (ఇండియానా)

చాలా రోజులుగా రాద్దామనుకుంటున్నా, ఇవాళ రాసేస్తున్నా. పదకొండేళ్లుగా ఇండియానాలో ఉంటున్నాను, వేసవిలో వీలైనన్ని మిడ్జెట్ రేసులకి వెళ్తాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: మిడ్జెట్ అంటే మన ఆల్టోలో ఇంచుమించు సగం బరువుండే చిన్న రేసు కారు, పవర్ మాత్రం ఆల్టోకి ఆరు రెట్లు. నాలుగు సిలిండర్ల ఇంజిన్, పెట్రోలు బదులు మిథనాల్. స్టార్టర్ ఉండదు, వెనక నుంచి ట్రక్కు తోస్తేనే స్టార్టవుతుంది. పావు మైలు మట్టి ట్రాక్ మీద పక్కకి జారుతూ తిరుగుతుంది. జెఫ్ గోర్డన్ 1990లో, టోనీ స్టీవర్ట్ 1994, 1995లో నేషనల్ మిడ్జెట్ టైటిల్ కొట్టాకే పెద్ద రేసుల్లో పేరు తెచ్చుకున్నారు.

పోయిన జులైలో ఒక నేషనల్ సిరీస్ రేసుకి వెళ్తే వచ్చినవి ఇరవై రెండు కార్లు. అందరికీ ఫైనల్లో చోటుంది. ఫైనల్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే హీట్ రేసులో ఆఖర్న వచ్చినా ఫైనల్ ఖాయం అంటే ఇంక టెన్షన్ ఎక్కడుంటుంది? నా పక్క సీటాయన రెండో హీట్ నడుస్తుండగానే హాట్‌డాగ్ కోసం లేచి వెళ్లిపోయాడు.

కానీ నన్ను ఇంటికొచ్చాక కూడా పట్టుకుంది వేరే సంగతి. టీములు కార్లు సర్దుకునే పిట్స్‌లో టాపు లేని ట్రైలర్ మీద ఒక్క కారు తెచ్చుకున్న తండ్రీ కూతురు ఉన్నారు. హీట్లో మూడో ల్యాపుకే వాళ్ల ఇంజిన్ పోయింది. ఆయన హుడ్ తీసి కాసేపు చూశాడు, మళ్లీ పెట్టేశాడు, ఏమీ అనలేదు. పానాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు. ఆ పిల్ల హెల్మెట్ తియ్యకుండా టైరు మీద కూర్చుండిపోయింది. వాళ్ల పక్కనే పెద్ద ట్రాన్స్‌పోర్టర్, ఒకే రంగు కార్లు నాలుగు, లోపల కవరు కప్పిన స్పేర్ ఇంజిన్. గెలిచిన కారూ, రెండో స్థానంలో వచ్చిన కారూ అందులోంచి దిగినవే.

ఇది పోటీయేనా? ఇలాగే ఉంటే ఇంకో పదేళ్లు నడుస్తుందా? మీ అభిప్రాయాలు చెప్పండి.

తుల్సావాసి

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ నేను ఒప్పుకోను. జనవరిలో ఒక్కసారి మా ఓక్లహోమాలోని తుల్సా రండి. 1987 నుంచి ఇక్కడ ఎక్స్‌పో హాల్లో, పైకప్పు కింద మట్టి పోసి చిలీ బౌల్ అనే మిడ్జెట్ పోటీ నడుపుతున్నారు. ఇప్పుడు మూడొందలకు పైగా కార్లు వస్తున్నాయి. శనివారం పొద్దున్నే అక్షరమాల చివరి వైపు నుంచి రేసులు మొదలవుతాయి, ఒక్కో రేసులో ముందొచ్చిన కొద్దిమందే పై అక్షరంలోకి ఎక్కుతారు, అలా ఎక్కుతూ ఎక్కుతూ రాత్రికి ‘A మెయిన్’ అనే ఫైనల్లో 24 కార్లు మిగులుతాయి. పొద్దున అడుగు నుంచి బయల్దేరి నాలుగైదు మెట్లెక్కినవాడికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు, గెలిచినవాడికి కొట్టినంత గట్టిగా. ఇంటికెళ్లాక చొక్కా రెండుసార్లు ఉతికినా మట్టి వస్తూనే ఉంటుంది. చచ్చిపోతున్న ఆటకి ఇంతమంది వస్తారా?

గ్యారేజీ_శనివారం

తుల్సావాసి గారూ, ఆ మూడొందల్లో ఎన్ని కార్లు వేసవిలో తిరుగుతాయో చూడండి. చాలావాటికి అదొక్కటే రేసు. ఏడాదంతా షెడ్డులో ఉంటుంది, జనవరికి బయటికి తీస్తారు. మిగతా కాలంలో స్ప్రింట్ కార్లు (మిడ్జెట్ కన్నా పెద్దవి, పవర్ ఎక్కువున్నవి) నడిపేవాళ్లు కూడా ఆ వారానికి మిడ్జెట్ అద్దెకి తీసుకుని వస్తారు. అది జాతర. జాతర బాగా జరిగిందని ఊళ్లో వ్యవసాయం బాగున్నట్టు కాదు కదా.

పోటీ మాట కూడా చూద్దాం. 2015 నుంచి 2025 వరకు పదకొండు చిలీ బౌల్‌లు గెలిచినవాళ్లు ఐదుగురే: రికో అబ్రూ, క్రిస్టఫర్ బెల్, కైల్ లార్సన్, టానర్ థోర్సన్, లోగన్ సీవీ. మూడొందల మంది వస్తున్నా ఇదీ పరిస్థితి.

తుల్సావాసి

వాళ్లు గొప్ప డ్రైవర్లు కాబట్టి గెలిచారు. లార్సన్, బెల్ అమెరికాలో పెద్ద కార్ల రేసులైన నాస్కార్‌లో కూడా గెలుస్తున్నారుగా, అక్కడ కూడా పోటీ లేదంటారా?

గ్యారేజీ_శనివారం

డ్రైవర్లని తక్కువ చెయ్యడం లేదు. బెల్ 2013లో, అబ్రూ 2014లో, బడ్డీ కోఫోయిడ్ 2021, 2022లో నేషనల్ టైటిల్ కొట్టారు. ముగ్గురిలో ఎవరిని చూసినా ఆణిముత్యమే అంటాను. కానీ ముగ్గురిదీ ఒకటే టీము, కీత్ కుంజ్‌ది, టొయోటా అండ ఉన్న టీము. ఆయన పనితనం గొప్పది, అందులో అనుమానం లేదు. అంత పనితనం, అంత డబ్బు ఒకే చోట చేరితే మిగతావాళ్లు మూడో స్థానం కోసం ఆడాలి.

నేను శనివారాలు ఒక చిన్న టీముకి ఊరికే సాయం చేస్తాను, టైర్లు గీరడం, చక్రాల్లో ఇరుక్కున్న మట్టి తియ్యడం లాంటివి. అక్కడ అర్థమైంది ఒకటే. ఛాసిస్ వంగితే సరిచేసుకోవచ్చు, టైర్లు పాతవి వాడుకోవచ్చు, ఇంజిన్ దగ్గర మాత్రం ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు. కొన్ని రాత్రులు తిరిగాక విప్పి మళ్లీ కట్టించాల్సిందే, ఆ పని చేసేవాళ్లు కొద్దిమందే, వాళ్ల దగ్గర వరస పెద్దది. మా ఓనరు ప్లంబింగ్ పని చేస్తాడు. ఇంజిన్ బిల్లు వచ్చిన నెల ఆయన మొహం చూడలేం.

స్ప్రింట్‌అభిమాని (హైదరాబాద్)

నేను స్ట్రీమింగ్‌లో చూసేవాణ్ణి, మీలాగా దగ్గర్నుంచి చూడలేదు, అయినా చెప్తాను. అసలు సమస్య ప్రైజ్ మనీ. చిలీ బౌల్ గెలిస్తే ఏళ్ల తరబడి 10,000 డాలర్లే ఇచ్చారు. టికెట్లు నిండిపోతున్నా అంతేనా అని లార్సన్ బహిరంగంగానే అడిగాడు, 2023, 2024లో రానేలేదు. అదే 410 ఘనపు అంగుళాల ఇంజిన్ ఉండే పెద్ద స్ప్రింట్ కార్లలో 2023లో ఒహాయోలోని ఎల్డోరా ట్రాక్‌లో ఒక్క రేసు గెలిచినవాడికి పది లక్షల డాలర్ల పైన ఇచ్చారు. అదే ఏడాది లార్సన్, బ్రాడ్ స్వీట్ కలిసి హై లిమిట్ అని స్ప్రింట్ కార్లకి సొంత సిరీస్ పెట్టుకున్నారు. మిడ్జెట్ ఇంజిన్ మీద పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపితే స్ప్రింట్ కారు నడపొచ్చని మీలాంటి వాళ్లే అంటుంటే, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇక్కడ ఎందుకుంటాడు? రెండేళ్లు నేర్చుకుని వెళ్లిపోతాడు. వెళ్లనివ్వండి. మిడ్జెట్ అంటే మెట్టు, అంతే. మెట్టు మీద ఎవరూ కాపురం పెట్టరు.

పాత_ఆఫీ

కాపురం పెట్టినవాళ్లు ఉన్నారు తమ్ముడూ. మెల్ కెన్యన్ పేరు విన్నావా? 1965లో లాంగ్‌హార్న్ ట్రాక్‌లో కారు అంటుకుని ఎడమ చేతి వేళ్లు కాలిపోయాయి. స్టీరింగ్‌కి తగిలించుకునేలా ప్రత్యేకంగా ఒక గ్లవ్ చేయించుకుని మళ్లీ వచ్చాడు. మొదటి నేషనల్ మిడ్జెట్ టైటిల్ 1964లో, ఏడోది 1985లో. ఇరవై ఏళ్లు ఒకే క్లాసు. జనం ఆయన కోసం వచ్చేవాళ్లు. ఇప్పుడు పిల్లవాడి పేరు నాలుక మీద నిలిచేలోపే వాడు వేరే సిరీస్‌లో ఉంటున్నాడు. ప్రేక్షకుడు ఎవరిని పట్టుకుని ఉండాలి?

ఇంజిన్ గొడవ కూడా కొత్తది కాదు. 1933లో కాలిఫోర్నియాలో ఈ ఆట మొదలైంది, మరుసటేడు లాస్ ఏంజిలిస్‌లో గిల్మోర్ స్టేడియం దీనికోసమే కట్టారు. కొన్నాళ్లకే ఆఫెన్‌హాసర్ ఇంజిన్ వచ్చి అందర్నీ వెనక్కి నెట్టింది. కొనలేనివాళ్లు ఫోర్డ్ వీ8-60 పెట్టుకుని వేరే రేసులు ఆడుకున్నారు. యుద్ధం అయ్యాక 1946, 1947ల్లో డ్రైవర్లు వారంలో ఏడు రాత్రులూ రేసులు ఆడారు. తర్వాత మామూలు కార్ల రూపంలో ఉండే స్టాక్ కార్ల రేసులు వచ్చాయి, టీవీ వచ్చింది, జనం తగ్గారు. 1950లో గిల్మోర్ మూతపడింది, ఆ స్థలంలో సీబీఎస్ టీవీ స్టూడియో లేచింది. అప్పుడూ అయిపోయిందనే అన్నారు. 1970ల్లో ఫోక్స్‌వ్యాగన్ ఇంజిన్ వచ్చి మళ్లీ ప్రాణం పోసింది, ఎందుకంటే మామూలు మెకానిక్ తన షెడ్డులో కట్టుకోగలిగాడు. ఈ ఆటని నిలబెట్టింది చవక ఇంజినే. మళ్లీ అదే కావాలి.

గ్యారేజీ_శనివారం

పెద్దాయనా, మీ మాటంటే గౌరవమే, కానీ అది చేసి చూశారు. 2000ల్లో ఈ రేసులు నడిపే యూసాక్ (USAC) సంస్థ వాళ్లు ఫోర్డ్ ఫోకస్ ఇంజిన్‌తో, తర్వాత హోండా ఇంజిన్‌తో తక్కువ ఖర్చు సిరీస్‌లు పెట్టారు. పిల్లలు నేర్చుకునే తరగతిగానే మిగిలిపోయాయి. పక్కనే ఖరీదైన ఇంజిన్‌తో అసలు రేసు ఉన్నప్పుడు చవక రేసు చూడ్డానికి ఎవరూ రారు. ఒకటే రూలు అందరికీ ఉండాలి, లేదంటే వృథా.

సిడ్నీ_తెలుగు

ఇక్కడ వీటిని స్పీడ్‌కార్లు అంటారు. మూడుసార్లు ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన జాక్ బ్రాబమ్ 1940ల చివర్లో వీటిల్లోనే మొదలుపెట్టాడు. ఇక్కడా ఖర్చు మాటే వినిపిస్తుంది.

మట్టిట్రాక్ (ఇండియానా)

అందరికీ థ్యాంక్స్. స్ప్రింట్‌అభిమాని గారూ, ప్రైజ్ మనీ పెంచితే మొదట లాభపడేది నాలుగు కార్ల ట్రాన్స్‌పోర్టరే, ఎందుకంటే ముందు స్థానాలు వాళ్లవే. నన్నడిగితే డబ్బు కింది నుంచి పెంచాలి, ఫైనల్లో ఆఖర్న వచ్చినవాడికి కనీసం డీజిలు, టైర్ల ఖర్చు రావాలి. ఇంజిన్ విషయంలో పాత_ఆఫీ గారు, గ్యారేజీ గారు చెప్పిందే నిజం, చవక ఇంజిన్ కావాలి, అది అందరికీ ఒకటే రూలుగా రావాలి. యూసాక్, పవర్‌ఐ (POWRi) అంటూ రెండు మూడు సంస్థలు ఉన్న కొద్ది కార్లని పంచుకుంటున్నాయి, ముందు వాళ్లు ఒక గదిలో కూర్చుంటే గానీ ఆ రూలు రాదు.

ఇంకో సంగతి. ఆ తండ్రీ కూతుళ్లని సెప్టెంబర్లో ఒక చిన్న ట్రాక్ దగ్గర మళ్లీ చూశాను. అరువు తెచ్చుకున్న పాత ఇంజిన్ పెట్టుకొచ్చారు. పద్నాలుగు కార్లలో ఆ పిల్ల ఏడో స్థానంలో వచ్చింది, ఆఖరి ల్యాపులో బయటి గోడ పక్కనుంచి ఇద్దర్ని దాటింది, నేను గొంతు పోయేలా అరిచాను. రేసయ్యాక వెళ్లి పలకరించాను. వచ్చే ఏడాది నేషనల్ సిరీస్‌కి వస్తారా అని అడిగితే ఆయన ట్రైలర్ వైపు చూపించాడు. కారు మీదుండే పైపుల చట్రం, అదే రోల్ కేజ్‌కి చేత్తో రాసిన అట్టముక్క కట్టి ఉంది: కారు అమ్మబడును, ఇంజిన్ లేకుండా.